దూకమని ఎవరూ చెప్పలేదు

ఆదివారం. పాత పేపర్లు కట్ట కడుతుంటే లెఫ్టినెంట్ శశాంక్ తివారీ ఫోటో ఉన్న పేజీ బయటపడింది. కట్టలో కలిపెయ్యడానికి చెయ్యి రాలేదు. పని పక్కన పెట్టి మళ్లీ మొత్తం చదివాను.

2025 మే 22, ఉత్తర సిక్కిం. మన సైన్యంలోని సిక్కిం స్కౌట్స్ రెజిమెంటు గస్తీ దళం ఒకటి కొండల్లో పోస్టు వైపు వెళ్తోంది. దుంగల వంతెన దాటుతుంటే ఒక అగ్నివీర్, అంటే నాలుగేళ్లకి సైన్యంలో చేరిన కుర్ర సిపాయి, కాలు జారి కింద ప్రవాహంలో పడిపోయాడు. దళాన్ని నడిపిస్తున్నది తివారీ. వెంటనే దూకేశాడు. ఆయన వెనకే ఒక నాయక్ (సిపాయిలకి పై ర్యాంకు) కూడా దూకాడు. ఇద్దరూ కలిసి కుర్రాణ్ణి బయటపడేశారు గానీ, తివారీని నీళ్లు లాక్కుపోయాయి. అరగంట తర్వాత 800 మీటర్ల దిగువన ఆయన దేహం దొరికింది. 23 ఏళ్లు. అయోధ్య అబ్బాయి. ఆఫీసరైంది 2024 డిసెంబరులో, అంటే ఆరు నెలలైనా నిండలేదు. ఇంట్లో అమ్మ, నాన్న, ఒక చెల్లెలో అక్కో. ఈ వరుస దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ కళ్లు తడుస్తాయి.

మన కాలవల్లో ఈత నేర్చినవాళ్లకి ఆ నీళ్ల సంగతి ఊహకందదు. మంచు కరిగి వచ్చే నీళ్లలో పడగానే ఊపిరి ఎగబీలుస్తుంది, కాసేపటికే చేతులూ కాళ్లూ మొద్దుబారతాయి. పైగా ఒంటిమీద యూనిఫాం, కాళ్లకి బూట్లు.

భోజనానికి మేనల్లుడు వచ్చాడు. అగ్నివీర్ సెలక్షన్‌కి తయారవుతున్నాడు. పేజీ చేతికిచ్చాను. పప్పన్నం కలిపిన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"అత్తా, ఆయన ఆఫీసరు కదా. వేరేవాళ్లకి ఆర్డర్ వేస్తే సరిపోయేది కదా?"

"నువ్వైతే ఎవర్ని దూకమనేవాడివిరా?" అన్నాను.

వాడు మాట్లాడలేదు. కాసేపాగి, "పడ్డవాడు మరీ కొత్త కుర్రాడు కదా" అన్నాడు. నా మనసులో ఉన్నదీ అదే. దళంలో పెద్ద ర్యాంకువాడు, చిట్టచివరి ర్యాంకువాడి కోసం ప్రాణం పెట్టాడు.

ఆ ఏడాది ఆగస్టు 15కి ఆయనకి మరణానంతరం కీర్తిచక్ర ప్రకటించారు. శత్రువు ఎదురుగా లేనిచోట చూపిన సాహసానికి ఇచ్చే పతకాల్లో అశోకచక్ర తర్వాతది. 1952లో దీన్ని రెండో తరగతి అశోకచక్ర అనేవారు, 1967లో ఇప్పటి పేరొచ్చింది. యుద్ధంలో వచ్చే పతకమే గొప్పదని కొందరు అంటుంటారు. నేను ఒప్పుకోను. యుద్ధానికి వెళ్లేవాడు మనసు కొంతైనా గట్టి చేసుకుని బయల్దేరతాడు. తివారీకి ఆ వ్యవధి కూడా లేదు.

రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. మేనల్లుడు రోజూ 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తున్నాడు గానీ ఈత రాదు. నేర్పించమన్నాను. మునిగేవాడికి ముందు ఒడ్డునుంచి తాడో కర్రో అందించడం, అది కుదరకపోతేనే నీళ్లలోకి దిగడం, అన్నీ తెలిసినవాళ్ల దగ్గర నేర్పించమని గట్టిగా చెప్పాను. వచ్చే వారం నుంచి పంపిస్తానన్నాడు.