ట్రయంఫ్ టీఆర్6: కుడి వెనక చక్రం ఎటు చూస్తోంది?

నా ట్రయంఫ్ టీఆర్6 పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. మలుపులో యాక్సిలరేటర్ వదిలితే బండి వెనక భాగం పక్కకి జరిగినట్టు ఉంటోంది. నేరుగా వెళ్లడానికి స్టీరింగ్‌ని కొంచెం కుడికి పట్టుకోవాలి. కుడి వెనక టైరు లోపలి అంచు మిగతా మూడింటికంటే ముందే అరిగింది. ఈ మూడూ కలిస్తే అనుమానం వెనక టో మీదకే, అంటే పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం మీదకే పోతుంది.

టీఆర్6లో వెనక చక్రాలకి విడివిడిగా అల్యూమినియం సెమీ ట్రెయిలింగ్ ఆర్మ్‌లుంటాయి, అంటే ముందు చివర పివట్ మీద పైకీ కిందకీ ఊగుతూ చక్రాన్ని మోసే చేతులు. ఒక్కో ఆర్మ్‌ని రెండు బ్రాకెట్లు ఛాసిస్‌కి పట్టి ఉంచుతాయి. బ్రాకెట్‌కీ ఛాసిస్‌కీ మధ్య పెట్టే షిమ్‌లతో (పల్చటి లోహపు రేకులతో) టో మారుతుంది. క్యాంబర్, అంటే చక్రం నిలువు నుంచి లోపలికో బయటికో ఒరిగిన కోణం, మార్చాలంటే వేరే రకం బ్రాకెట్ వేయాలి, లేదా ఉన్నదాన్నే తలకిందులుగా తిప్పి బిగించాలి.

కొలత దారంతోనే. బండికి రెండు పక్కలా, హబ్ (చక్రం మధ్యభాగం) ఎత్తులో, జాక్ స్టాండ్లకి దారం లాగి కట్టాను. ముందు చక్రాల మధ్య దూరం, వెనక చక్రాల మధ్య దూరం ఒకటి కావు. కాబట్టి దారాన్ని టైర్లకి ఆనించకుండా, ఒక్కో ఇరుసు దగ్గర హబ్ మధ్య నుంచి రెండు పక్కలా సమాన దూరం వచ్చేలా సర్దాలి. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత వచ్చే అంకెలన్నీ దండగ. డ్రైవర్ సీటులో మనిషంత బరువు పెట్టి, బండిని ముందుకి తోసి, బ్రేక్ వేయకుండా ఆగనిచ్చి కొలిచాను. రిమ్ వంకర ఉండొచ్చు గనక చక్రాన్ని సగం తిప్పి మళ్లీ కొలిచి సగటు తీశాను.

ఎడమ చక్రం 1 మి.మీ. టో-ఇన్ (ముందంచు లోపలికి). కుడిది 2 మి.మీ. టో-అవుట్ (ముందంచు బయటికి). అంటే రెండూ కుడివైపే చూస్తున్నాయి, స్టీరింగ్ వంకరకి కారణం అదే. ఈ రిమ్ మీద అంచు నుంచి అంచుకి 1 మి.మీ. తేడా అంటే సుమారు 0.14 డిగ్రీలు.

షిమ్‌ల జోలికి వెళ్లేముందు బండిని వెనక్కి తోసి మళ్లీ కొలిచాను. ఎడమ చక్రం కదల్లేదు. కుడిది టో-అవుట్ వదిలేసి దాదాపు అర మిల్లీమీటరు టో-ఇన్‌కి వచ్చింది! తోసే దిక్కు మారితే అంకె మారుతోందంటే ఆర్మ్ గట్టిగా నిలబడటం లేదన్నమాట. హబ్ బేరింగ్‌లో వదులు లేదు. పివట్ దగ్గర ప్రై బార్‌తో కదిపితే బయటివైపు బుష్‌లో (పివట్ బోల్టు చుట్టూ ఉండే రబ్బరు గొట్టంలో) రబ్బరు, లోహపు స్లీవ్ నుంచి విడిపోయి కనిపించింది. మలుపులో యాక్సిలరేటర్ వదలగానే చక్రం వెనక్కి లాగబడి టో-అవుట్‌లోకి పోతోంది.

విప్పితే ఇంకో సంగతి బయటపడింది. కుడి లోపలి బ్రాకెట్ వెనక ఎడమవైపు కంటే ఎక్కువ షిమ్‌లున్నాయి. ఎవరో బుష్ అరుగుదలని షిమ్‌లతో కప్పిపుచ్చారు. చాలా పాత బళ్లలో ఇదే కథ.

రెండు పక్కలా కొత్త బుష్‌లు వేశాను. పివట్ బోల్టుల్ని చక్రాలు నేల మీద, బరువు పడి ఉన్నప్పుడే చివరిగా బిగించాలి. గాలిలో బిగిస్తే రబ్బరు మెలితిరిగి ఉండిపోయి తొందరగా చిరుగుతుంది. ఊహించినట్టే కుడి చక్రం 3 మి.మీ. టో-ఇన్‌కి పోయింది. అదనపు షిమ్‌లు తీసేశాక రెండు చక్రాలూ అర మిల్లీమీటరు టో-ఇన్ దగ్గర నిలిచాయి. ఇప్పుడు ముందుకి తోసినా వెనక్కి తోసినా అదే అంకె.

క్యాంబర్ మాత్రం మిగిలింది. ఎడమ మైనస్ 1, కుడి మైనస్ 1.8 డిగ్రీలు (మైనస్ అంటే చక్రం పైభాగం లోపలికి ఒరగడం). కుడి వెనక ఎత్తు 12 మి.మీ. తక్కువ ఉంది, స్ప్రింగు కుంగి ఉండొచ్చు కాబట్టి బ్రాకెట్లు తిప్పే ముందు స్ప్రింగులు బయటికి తీసి పక్కపక్కన నిలబెట్టి చూడాలి.