ప్రవేశానికి కారణం

మా ఆఫీసులో ఒక ఫారం ఉండేది. రన్‌వే మీదకు గానీ, విమానాలు రన్‌వేకు వచ్చిపోయే దారి అయిన టాక్సీవే మీదకు గానీ ఏదైనా జంతువు వస్తే, షిఫ్టు దిగేలోగా దాన్ని నింపాలి. తేదీ, సమయం, ఎక్కడ కనిపించింది, ఏ జంతువు, ఎన్ని, ఎంత ఆలస్యమైంది. ఇవన్నీ రెండు నిమిషాల పని. ఏడో గడి దగ్గరకు వచ్చేసరికి పెన్ను ఆగిపోయేది. ‘ప్రవేశానికి కారణం.’ నక్కను కూర్చోబెట్టి అడిగి రాసుకోవాలన్నమాట.

విమానాశ్రయంలో ప్రయాణికులకు కిటికీలోంచి మాత్రమే కనిపించే వైపు ఒకటుంటుంది. అక్కడ పదకొండేళ్ళు పనిచేశాను. రన్‌వే తనిఖీ నా పని. రోజుకు నాలుగైదుసార్లు జీపులో ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్ళి, పగిలిన దీపాలు, ఊడిపడ్డ బోల్టులు, టైరు ముక్కలు, చచ్చిన పిట్టలు ఏమైనా ఉన్నాయేమో చూడాలి. చేరేటప్పుడు జంతువుల సంగతి ఎవరూ చెప్పలేదు. మానేసి మూడేళ్ళయింది. ఇప్పటికీ ఎవరు కలిసినా అడిగేది వాటి గురించే.

నాకు మొదట ఎదురైంది నక్క. చేరిన రెండో నెల, తెల్లవారుజామున నాలుగు దాటింది. విమానాల రాకపోకల్ని నడిపే కంట్రోల్ టవర్ నుంచి రేడియోలో పిలుపు వచ్చింది. అప్పుడే దిగిన విమానం పైలట్ రన్‌వే మధ్యలో ఏదో నిలబడి ఉండటం చూశాడట. వెనకాల వచ్చే విమానం పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. అంటే మా చేతిలో ఉన్నది మూడు నిమిషాల కన్నా తక్కువే.

జీపు నడిపేది నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దాయన. అందరం బాబాయ్ అనే పిలిచేవాళ్ళం. టవర్ అనుమతి ఇచ్చింది, నేను ఆ మాటలే తిరిగి చెప్పాను, జీపు రన్‌వే ఎక్కింది. హెడ్‌లైట్ల వెలుగులో ముందు రెండు కళ్ళు కనిపించాయి, తర్వాత మనిషి. మనిషి అని ఎందుకు రాశానో తెలియదు గానీ, అది నిలబడిన తీరు అలాగే ఉంది. పనిమీద వచ్చి ఆగినట్టు.

హారన్ కొట్టాం. పరుగు అందుకుంది. పక్కకు కాదు, మా ముందు, సరిగ్గా మధ్యలో ఉన్న తెల్లగీత మీద. మేము వేగం పెంచితే అదీ పెంచింది. అటూ ఇటూ ఇరవై అడుగులు వేస్తే గడ్డి ఉంది. అటు చూడదే! ఇంతలో నెత్తిమీద నుంచి ఇంజిన్లు ఒక్కసారిగా గర్జించాయి. టవర్ ఆ విమానాన్ని దిగవద్దని చెప్పి మళ్ళీ పైకి పంపేసింది. లోపల నూట యాభై మంది గుండెలు ఒకేసారి జారి ఉంటాయి.

అప్పుడు బాబాయ్ జీపు ఆపి లైట్లు ఆర్పేశాడు. మూడు నాలుగు సెకన్లు ఆగి మళ్ళీ వేశాడు. నక్క లేదు.

“వెలుగు పడ్డ చోటే దారి అనుకుంటుంది సార్. మన లైట్లే దాన్ని గీత మీద పరిగెత్తించాయి. ఆర్పేస్తే దాని దారి దానికి తెలుసు” అన్నాడు. కాసేపాగి, “కొద్దిలో తప్పింది గానీ, ఈ రోజు నిజంగానే నక్క తోక తొక్కేవాళ్ళం” అని నవ్వాడు.

ఏడో గడిలో ‘తెలియదు’ అని రాశాను. ఎర్ర సిరా గీతతో ఫారం తిరిగి వచ్చింది. పై అధికారి కోడిగుడ్డుకు ఈకలు పీకుతున్నాడని తిట్టుకున్నాను. మర్నాడు బాబాయితో కలిసి కంచె వెంబడి నడిచాను. వాన నీరు బయటకు పోయే కాలువ కంచె కింద నుంచి వెళ్తుంది. దానికి ఇనుప చువ్వల జాలీ ఉంది. అడుగున ఒక చువ్వ తుప్పుపట్టి విరిగింది. విరిగిన మొనకు నాలుగు గోధుమరంగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. గొప్ప దొంగను పట్టుకున్నట్టు పొంగిపోయి ‘కాలువ జాలీ విరిగింది’ అని రాసేశాను. బాబాయ్ చదివి, “ఇది ఎలా వచ్చిందో సార్. ఎందుకు వచ్చిందో కాదు” అన్నాడు.

ఆ మాట అన్నాక గానీ నేను ఆ మైదానాన్ని సరిగ్గా చూడలేదు. నక్క కళ్ళతో చూస్తే అంత మంచి చోటు ఇంకెక్కడ ఉంటుంది? కిలోమీటర్ల కొద్దీ గడ్డి. దున్నేవాడు లేడు, వేటాడేవాడు లేడు. చుట్టూ కంచె కట్టి మనుషుల్ని మేమే బయట ఆపుతున్నాం. చప్పుడు ఉంది నిజమే. కానీ ఎన్నడూ కరవని చప్పుడును ఏ ప్రాణి ఎంతకాలం లెక్కచేస్తుంది? గడ్డిలో ఎలుకలు, ఎలుకల కోసం నక్కలు, గుడ్లగూబలు, గద్దలు. వాన పడితే వానపాములు తారు మీదకు పాకి వస్తాయి, వాటి వెనకే కొంగలు. పగలంతా కాగిన తారు రాత్రి చాలాసేపు వెచ్చగా ఉంటుంది కాబట్టి పాములు దాని మీద సాగి పడుకుంటాయి. తొలకరి రాత్రి దీపాల చుట్టూ ఉసిళ్ళు ముసురుతాయి. తెల్లవారేసరికి కుప్పలుగా రాలిన రెక్కల మధ్య పిట్టల పండగ.

గడ్డి ఎంత ఎత్తు ఉండాలన్నదే ఒక శాస్త్రం. బ్రిటన్ విమానాశ్రయాల్లో పదిహేను నుంచి ఇరవై సెంటీమీటర్లు ఉంచడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. గుంపుగా తిరిగే పిట్టకు ఆ ఎత్తులో పక్క పిట్ట కనపడదు, పొంచి వచ్చే శత్రువు కనపడడు, పురుగులు ఏరుకోవడమూ కష్టం. అందుకని దిగదు. మరీ పెరగనిస్తే ఎలుకలు చేరతాయి. కోద్దామంటే కోసిన రోజే అన్నిటికన్నా ప్రమాదం. పురుగులన్నీ బయటపడి, విస్తరి వేసి పిలిచినట్టు ఉంటుంది. గడ్డి కోసే యంత్రం వెనకాల పిట్టల గుంపు నడవడం చూసిన రోజు నాకు అన్నం సహించేది కాదు.

కారణం తనంతట తానే తెలిసిపోయే చోట్లూ ఉన్నాయి. న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో ఒక రన్‌వే జమైకా బే అనే సముద్రపు పాయను ఆనుకుని ఉంటుంది. ఎండాకాలం వస్తే ఆడ తాబేళ్ళు నీళ్ళలోంచి లేచి, గుడ్లు పెట్టడానికి ఇసుక నేల వెతుక్కుంటూ ఆ రన్‌వే దాటుతాయి. 2009 జులైలో 78 తాబేళ్ళు వచ్చాయి. 2011 జూన్ చివరన నూట యాభై దాకా వచ్చాయి. సిబ్బంది ఒక్కొక్కదాన్నే చేతులతో ఎత్తి బండిలో పెట్టుకుని తీసుకెళ్ళి వదిలారు. జెట్ విమానాలు వరస కట్టి ఎదురుచూశాయి. తర్వాత అంచు వెంబడి ప్లాస్టిక్ గొట్టాన్ని అడ్డంగా పరిచారు. తాబేలు దాన్ని ఎక్కలేదు.

నా నిద్ర చెడగొట్టింది మాత్రం అలాస్కాలోని యాకుటాట్. 2020 నవంబర్ 14 సాయంత్రం చీకటి పడ్డాక అక్కడ దిగిన బోయింగ్ 737 రన్‌వే దాటుతున్న గోధుమరంగు ఎలుగుబంటిని ఢీకొట్టింది. తల్లి చనిపోయింది, వెంట ఉన్న పిల్లకు ఏమీ కాలేదు. ఎడమ ఇంజిన్ తొడుగు నొక్కుకుపోయింది, ప్రయాణికులందరూ క్షేమం. అక్కడి సిబ్బంది సుమారు పది నిమిషాల ముందే రన్‌వే అంతా చూసి వెళ్ళారు. అప్పుడు ఏ జంతువూ లేదు. ఈ వాక్యాన్ని మీరు మామూలుగా చదివేస్తారు. తనిఖీ చేసి ‘రన్‌వే ఖాళీ’ అని రేడియోలో చెప్పే ఉద్యోగం చేసినవాడు అలా చదవలేడు. నేను ఆ మాట ఎన్ని వేలసార్లు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ అది ఆ క్షణానికే నిజం.

యాకుటాట్ జాతకంలో ఏముందో గానీ, 1987లో అలాస్కా రాజధాని జూనో నుంచి అదే ఊరికి బయలుదేరిన విమానాన్ని చేప కొట్టింది. అవును, చేపే. కాళ్ళతో చేపను పట్టుకుని ఎగురుతున్న తెల్లతల గద్ద, విమానం లేస్తుంటే భయపడి వదిలేసింది. అది వచ్చి కాక్‌పిట్ పై భాగానికి తగిలింది. విమానానికి ఏమీ కాలేదు, యాకుటాట్‌లో దిగాక పరీక్షించి పంపడానికి గంట పట్టింది. అక్కడి ఫారంలో ఏడో గడి ఉంటే ఏం రాశారో చూడాలని నా కోరిక.

అన్నీ నవ్వుకునేవి కావు. 2014 నవంబరులో సూరత్‌లో రాత్రిపూట విమానం పైకి లేవడానికి పరుగు తీస్తుండగా గేదె అడ్డం వచ్చింది. చీకట్లో నల్ల గేదె, ఎవరికి కనపడుతుంది? మనుషులకు దెబ్బలు తగల్లేదు, గేదె బతకలేదు. ఒక వేగం దాటాక పైలట్‌కు ఆగే అవకాశం ఉండదు. ముందు ఏమున్నా లేవాల్సిందే. ఆ వేగానికి ముందే ఢీకొనడం కూడా ఒక అదృష్టమే.

పిట్టల లెక్క వేరు. అవి చిన్నవి కాబట్టి చులకన. 1960 అక్టోబర్ 4న బాస్టన్‌లో లేచిన విమానం ఇంజిన్లలోకి స్టార్లింగులు, అంటే మన గోరింకలకు దగ్గరి చుట్టాలు, గుంపుగా దూరాయి. 62 మంది చనిపోయారు. అక్కడ దొరికిన ఈకల్ని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో రాక్సీ లేబర్న్ అనే ఆవిడ పరీక్షించి ఏ పిట్టో చెప్పారు. ఈక మొదట్లో ఉండే మెత్తటి నూగును మైక్రోస్కోపు కింద పెట్టి జాతిని పోల్చే విద్యను ఆవిడే పెంచారు. నిజంగానే ఈకలు పీకి నిజం చెప్పే పని అన్నమాట. ఆ ప్రయోగశాలకు తర్వాత సారథ్యం వహించినావిడ ఇంటిపేరు డవ్, అంటే పావురం. నేను కల్పించింది కాదు.

విమానానికి అంటుకుని మిగిలిన పిట్ట అవశేషాన్ని ఈ వృత్తిలో స్నార్జ్ అంటారు. నేను చాలా తీశాను. తడిపిన దూదితో ఇంజిన్ ముందున్న శంకువు అంచు తుడిచి, కవరులో వేసి, తేదీ రాసి సీలు చేయాలి. కాలిన ఈకల వాసన, దానితో కలిసిన కిరోసిన్ వాసన చేతి తొడుగుల్లోంచి కూడా గోళ్ళకు పట్టేది. ఒకసారి ఫ్యాను రెక్క సందులో ఒకే ఒక్క ఈక చెక్కుచెదరకుండా దొరికింది. మిగతా పిట్ట ఏమైందో మాట్లాడుకోవడానికి ఏమీ లేదు.

తరమడానికి మా దగ్గర గ్యాసు ఫిరంగి ఉండేది. పెద్ద చప్పుడు చేసే గొట్టం, అంతే. మొదటి వారం పిట్టలన్నీ లేచిపోయాయి. రెండో వారం తలలెత్తి చూశాయి. మూడో వారానికి దున్నపోతు మీద వాన. నెల తిరిగేసరికి ఒక గోరింక ఆ గొట్టం మీదే కూర్చుని రెక్కలు సవరించుకుంటోంది. కొన్ని చోట్ల కుక్కల్ని పెట్టారు. ఫ్లోరిడాలో ఒక విమానాశ్రయం 1999లోనే ‘జెట్’ అనే బోర్డర్ కోలీని, అంటే గొర్రెల్ని కాసే జాతి కుక్కను, పనిలోకి తీసుకుంది. కుక్క అబద్ధం ఆడదు కదా, పిట్టలు నమ్ముతాయి. మాకు కుక్క ఇవ్వలేదు. ఇంకో ఫిరంగి ఇచ్చారు.

నేను రాసిన ఆఖరి ఫారం తీతువు పిట్టలది. ఒక టాక్సీవే మలుపు దగ్గర వరసగా మూడు రోజులు జంట తీతువులు విమానాల ముందుకు దూసుకొచ్చాయి. ముక్కు చక్రం దగ్గరకు వచ్చేసరికి అరుస్తూ లేచి, మళ్ళీ అక్కడికే. నాలుగో రోజు ఎండ ఎక్కకముందే నడిచి వెళ్ళాను. అంచున నీలం దీపాలు, వాటి పక్కన కంకర. ఒక దీపం నుంచి జానెడు దూరంలో నా బూటు ఆగింది. ఎందుకు ఆగిందో తెలియదు, కళ్ళు ఇంకా చూడలేదు. మడమ పక్కన నాలుగు గుడ్లు. మట్టిరంగు మీద నల్లటి మరకలు, సన్నని కొసలన్నీ లోపలికి చేర్చి పువ్వులా పేర్చి ఉన్నాయి. గూడు అంటూ ఏమీ లేదు, కంకరలో చిన్న గుంట. కంకరేదో గుడ్డేదో ఒక్క క్షణం కళ్ళు తిప్పితే మళ్ళీ వెతుక్కోవాల్సిందే. తల్లి పదడుగుల దూరంలో ఒక రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నన్ను పక్కకు పిలుస్తోంది.

నిబంధన ప్రకారం తీసేయాలి. అటవీ శాఖ మనిషిని పిలిపించాం, ఆయన దూది పరిచిన డబ్బాలో గుడ్లు పెట్టుకుని వెళ్ళాడు. జంట ఇంకో రెండు రోజులు ఆ దీపం మీదే చక్కర్లు కొట్టింది.

బాబాయ్ అప్పటికే రిటైరయ్యాడు. ఫారం ముందు పెట్టుకుని ఏడో గడి దాకా వచ్చాను. తీతువుకు గడ్డి పనికిరాదు, గుడ్లు దాచడానికి రాళ్ళ నేలే కావాలి. అంతకు ముందు నెల దాకా ఆ మలుపులో గడ్డే ఉండేది. పురుగులు, పిట్టలు చేరుతున్నాయని, గడ్డి తీసేసి కంకర పోయించమని సిఫారసు చేసిన కాగితం మీద సంతకం ఎవరిదో నాకు బాగా గుర్తుంది.

‘గడ్డి తొలగించి కంకర పోయడం వల్ల’ అని రాసి, సిఫారసు చేసినవారు అని ఇంకో గడి లేకపోయినా, పక్కన మార్జిన్‌లో నా పేరు రాశాను. ఆ ఫారం మాత్రం తిరిగి రాలేదు.