“ఏం కాదులే” అననివాళ్లు

2020 వేసవిలో నా జబ్బు ఎవరి కంటా పడలేదు. పడే వీలూ లేదు. అప్పటిదాకా నేను దాచుకుని చేసిన పనినే ఇప్పుడు అందరినీ చెయ్యమంటున్నారు. ఎవరికి ఫోన్ చేసినా ముందు దగ్గు, వెంటనే చేతులు సబ్బుతో కడుక్కోమని కాలర్ ట్యూన్. నాది ఓసీడీ, అంటే ఒకే భయం పదేపదే వచ్చి, అది పోవడానికి చేసిన పనే మళ్లీమళ్లీ చేయించే జబ్బు. అది ఉన్నవాళ్లకి ఆ కాలర్ ట్యూన్ జాగ్రత్త చెప్పినట్టు ఉండదు. ఇన్నేళ్లూ నువ్వు భయపడిందంతా నిజమేనని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు ఉంటుంది.

నేను గుంటూరు జిల్లాలో ఒక బ్యాంకు బ్రాంచిలో క్యాషియర్‌ని. లాక్‌డౌన్‌లో బడులు మూశారు, గుళ్లు మూశారు, బ్యాంకులు మాత్రం నడిచాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆడవాళ్ల జన్‌ధన్ ఖాతాల్లో కేంద్రం నెలకు 500 రూపాయలు వేసింది. తెల్లారేసరికి బ్రాంచి ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో జనం. కొంగు ముడిలోంచి తీసిన పాస్‌బుక్కులు చెమటకి మెత్తబడి ఉండేవి. నోట్లు లెక్కపెట్టడానికి కౌంటరు మీద తడి స్పాంజి డబ్బా ఉంటుంది కదా, దాన్ని చూస్తేనే నాకు కడుపులో తిప్పేది.

ఇంటికొస్తే పెరట్లో స్నానం, బట్టలు బకెట్లో, పాల ప్యాకెట్లకి సర్ఫ్ నీళ్లు. ఇంతవరకు అందరి ఇళ్లలోనూ ఉన్నదే. తేడా ఎక్కడంటే, నా కడుగుడికి ఒక వరస ఉంది. మధ్యలో అనుమానం వస్తే మళ్లీ మొదటికి. కుళాయి కట్టేముందు కుళాయిని కడగాలి, కడిగిన చేత్తో ముట్టుకున్నాను కాబట్టి మళ్లీ చేతులు కడగాలి. అత్తయ్య మొదట్లో మురిసిపోయారు, కోడలికి ఇన్నాళ్లకి మడి అంటే ఏంటో తెలిసిందని. వేళ్ల సందుల్లో చర్మం పగిలి, గోంగూర పచ్చడి కలుపుకుంటే భగ్గుమనేది. చెంచాతో తినడం మొదలుపెట్టాను. అప్పుడు ఆవిడకీ అనుమానం వచ్చింది.

మావారు పాపం ఓపిగ్గా జవాబులు చెప్పేవారు. “ఏమండీ, ఆ కవరు నేను ముట్టుకోవడం మీరు చూశారా?” “లేదు.” “పాప బుగ్గ తాకానా?” “ఏం కాదులే, పడుకో.” ఆ మాట వినగానే గుండెల మీద బరువు దిగేది. నాలుగు నిమిషాలు కూడా నిలిచేది కాదు. మళ్లీ అదే ప్రశ్న, ఈసారి కొంచెం మార్చి. ప్లాస్టిక్ మీద వైరస్ 72 గంటల దాకా ఉంటుంది, అట్టపెట్టె మీద 24 గంటల దాకా అని నాకు కంఠతా వచ్చు. ఏడాది తర్వాత, 2021 ఏప్రిల్‌లో, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లు వైరస్ పడిన వస్తువును ముట్టుకుంటే సోకే అవకాశం 10,000లో ఒకటి కన్నా తక్కువన్నారు. మావారు గెలిచినంత సంబరంగా ఆ వార్త ఫార్వర్డ్ చేశారు. నాకు కనబడింది ఆ ఒకటే.

డాక్టరుగారిని మొదటిసారి కలిసింది ఫోన్ తెరమీదే. లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. అవి లేకపోతే నేను వెళ్లేదాన్ని కాదేమో. మన దగ్గర పిచ్చాసుపత్రి అంటే ఒకరికి ఎర్రగడ్డ, ఒకరికి చినవాల్తేరు. ఆ పేర్లు తిట్లుగా వాడే ఊళ్లో పెరిగినదాన్ని. డాక్టరుగారు ఒక కాగితం పెట్టుకుని పది ప్రశ్నలు అడిగారు. మొత్తం 40 మార్కులు, 24 నుంచి తీవ్రం. నాకు 27. జీవితంలో మార్కులు ఎక్కువ వచ్చినందుకు ఏడ్చింది అప్పుడే.

మందు పేరు రాయను, చూసి ఎవరో ఒకరు షాపులో అడిగి కొనుక్కుంటారు. ఓసీడీకి డిప్రెషన్‌కి ఇచ్చేదానికన్నా మోతాదు ఎక్కువ పడుతుందనీ, పనిచేయడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చనీ ముందే చెప్పారు. దాంతోపాటు ఈఆర్‌పీ అనే థెరపీ. భయపడే వస్తువును కావాలని ముట్టుకోవాలి, కడుక్కోకుండా ఆగాలి, భయం దానంతటదే దిగేదాకా కూర్చోవాలి. చెప్పడానికి ఒక్క వాక్యం. తెలుగులో చేయించేవాళ్లు దొరకడమే కష్టమైంది. చివరికి దొరికిన సైకాలజిస్టే ఒక ఆదివారం గ్రూపు సంగతి చెప్పింది. అందరూ ఓసీడీ వాళ్లే, అందరూ తెలుగువాళ్లే, సాయంత్రం జూమ్‌లో.

మొదటి ఆదివారం నేను వెళ్లింది నేర్చుకుందామని కాదు, అడుగుదామని. వంతు రాగానే అడిగేశాను: “పాల ప్యాకెట్ పట్టుకుని, మర్చిపోయి పాప బుగ్గ తుడిచాను. ఏమైనా అవుతుందా?”

కరీంనగర్ వైపు రిటైర్డ్ మాస్టారు ఒకరున్నారు. ఆయనకి తాళం వేశానా లేదా అని పదేపదే చూసుకునే ఓసీడీ. “ఏమో అమ్మా, నాకు తెల్వదు,” అన్నారు.

నేను ఇంకెవరైనా చెప్తారేమోనని చూశాను. ఎవరూ చెప్పలేదు. డల్లాస్ నుంచి ఒకమ్మాయి, “అక్కా, ఇప్పుడు భయం నూటికి ఎంత?” అంది. తొంభై అన్నాను. “చేతులు కడగకు. మేం ఇక్కడే ఉంటాం.” ఒళ్లు మండిపోయింది. చంటిపిల్ల ప్రాణం గురించి అడుగుతుంటే మార్కులు అడుగుతారేంటి వీళ్లు! ఉచిత జూమ్ కదా, 40 నిమిషాలకి కట్ అయింది. వదిలిపోదామనుకున్నాను, వేలు మాత్రం లింకు నొక్కింది. మాస్టారు ఆనపకాయ పులుసు గురించి మాట్లాడుతున్నారు, అనంతపురం ఇంజినీరింగ్ కుర్రాడు నవ్వుతున్నాడు. ఆ కుర్రాడికి దేవుడి పటం చూస్తే మనసులో బూతులొస్తాయట. అది కూడా ఓసీడీయేనని నాకు అప్పటిదాకా తెలియదు. మధ్యమధ్య ఎవరో ఒకరు “ఎంత?” అనేవారు. ఎనభై. అరవై ఐదు. పులుసులో బెల్లం వెయ్యాలా వద్దా అని వాదన తేలేసరికి నలభై. చేతులు కడగలేదు. భయం దిగింది. అది దిగుతుందన్న సంగతే నాకు తెలియదు, ఎన్నడూ దిగనిచ్చింది లేదు కాబట్టి.

ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ చెప్పే “ఏం కాదులే” కూడా నాకు ఒక రకం సబ్బేనని అప్పటికి అర్థమైంది. సైకాలజిస్టు మావారితో కూడా మాట్లాడింది. ఆయన నేర్చుకున్న మాట: “ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పను, పక్కన కూర్చుంటా.” ఆ మాట అన్నప్పుడల్లా పెద్ద గొడవ. రాయడానికి బాగానే ఉంది కానీ ఆ నెలల్లో మా ఇంట్లో గిన్నెలు బాగానే ఎగిరాయి.

గ్రూపు అంతా బంగారమని చెప్పను. ఒకరి భయం విని ఇంకొకరికి అంటుకోవడం ఉంది. గ్యాస్ స్టవ్ కట్టేశానా లేదా అన్న ఒకరి భయం విన్న వారం నేనూ నాలుగుసార్లు వంటింట్లోకి వెళ్లొచ్చాను. అందుకే నియమాలు పెట్టుకున్నాం: మందుల మోతాదులు మాట్లాడకూడదు, వైరస్ వీడియోలు పంపకూడదు, చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే గ్రూపుతో సరిపెట్టకుండా వాళ్ల ఇంట్లోవాళ్లకీ డాక్టరుకీ చెప్పాలి.

రెండో వేవ్‌లో, 2021 మేలో, నాకూ కరోనా వచ్చింది. మా పక్క బ్రాంచిలో ఒకాయన అదే నెలలో పోయాడు. అది ఓసీడీ భయం కాదు, అసలు భయం. విచిత్రంగా, జ్వరం ఉన్న వారమంతా కడుగుడు గుర్తే రాలేదు. తగ్గాక మాత్రం, వేలికి పెడితే ఒంట్లో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ పట్టుకుంది. 94 కన్నా తగ్గితే చూసుకోమన్నారు, నాకేమో 98 పోయి 97 వస్తేనే గుండె జారేది. కూర తరుగుతూ ఒక వేలికి, ఫోన్ మాట్లాడుతూ ఇంకో వేలికి. ఇది కూడా అదేనని నేను పట్టుకోలేదు, డల్లాస్ అమ్మాయి పట్టుకుంది. “కుళాయి పోయి మెషిన్ వచ్చింది అంతే అక్కా. బ్యాటరీలు తీసెయ్యి.” తీసేసి, మెషిన్ని మా కాలనీ అసోసియేషన్‌కి ఇచ్చేశాను. రిమోట్‌లో పనికొచ్చాయి ఆ బ్యాటరీలు.

2022 అక్టోబర్ నుంచి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, 14416కి ఉచితంగా చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. కొత్తగా ఎవరైనా రాత్రిపూట మెసేజ్ పెడితే ముందు ఆ నంబరు ఇస్తాం. ఆదివారం ఎలాగూ ఉంటుంది.

ఈమధ్య ఒకబ్బాయి చేరాడు. వీధికుక్క పక్కనుంచి పోయింది, తాకలేదు, అయినా రేబిస్ వస్తుందా అని. నిజంగా కరిచి ఉంటే నేనే ఆసుపత్రికి తరిమేదాన్ని. తాకను కూడా లేదని వాడే అంటున్నాడు. “ఏం కాదులే నాన్నా” అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నూటికి ఎంత అని అడిగాను. కోపమొచ్చి వెళ్లిపోయాడు. తర్వాతి వారం వచ్చి, డెబ్భై అన్నాడు.

నాకు పోయినసారి 11 మార్కులు వచ్చాయి. ఆసుపత్రి లిఫ్ట్ బటన్లు ఇప్పటికీ మోచేత్తోనే నొక్కుతాను. డాక్టరుగారు జూన్‌లో మాత్ర ఇంకాస్త తగ్గిద్దామన్నారు. జూన్ అంటే పాప కొత్త క్లాసు, నాకు బదిలీ టెన్షన్. దసరా దాకా ఆగుదామండీ అన్నాను. సరే అన్నారు.