మా వాకిలికి వాటం సరిచేసిన తీరు

ఇల్లు కట్టిన మూడేళ్లకే మా ముందు గది గోడకు, నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకు, చెమ్మ ఎక్కింది. రంగు పొరలుగా లేచిపోయి, దాని అడుగున తెల్లని ఉప్పు పూసింది. రెండుసార్లు గీకించి, లప్పం పెట్టించి, మళ్లీ రంగు వేయించినా ప్రతి వానాకాలం అదే చోట అదే మచ్చ తిరిగి వచ్చేది. లోపం గోడలోనే ఉందని అందరమూ నమ్ముతూ వచ్చాము. ఒకనాటి సాయంత్రం జోరున వాన కురుస్తుండగా అరుగు మీద కూర్చుని చూస్తే, గేటు వైపు పోవలసిన నీరు మెల్లగా ఇంటి వైపే వచ్చి, గోడ మొదట్లో బారెడు పొడవున మడుగు కట్టడం కనిపించింది. మరునాడు మధ్యాహ్నానికి కూడా ఆ నీరు పూర్తిగా ఇంకలేదు.

పార్కింగ్ టైల్స్ పరిచిన నాడు వాటం, అంటే నీరు పారే వాలు, గేటు వైపే పెట్టారు, అందులో పొరపాటు లేదు. పొరపాటు వాటి కింద జరిగింది. మాది గుంటూరు జిల్లా, నల్లరేగడి నేల. పునాది వేసేటప్పుడు గోడకు బయట రెండడుగుల వెడల్పున తవ్విన గోతిని, పని అయ్యాక అదే మట్టితో పూడ్చి, నీళ్లు పెట్టకుండా, దిమ్మిస కొట్టి గట్టిపరచకుండా, దాని మీదనే ఇసుక పరిచి టైల్స్ వేశారు. వదులుగా పోసిన మట్టి రెండు మూడు వానాకాలాల పాటు కుంగుతూనే ఉంటుంది. రేగడి అయితే తడిసినప్పుడు ఉబ్బి, ఎండకు ముడుచుకుని నెర్రెలిచ్చి, మరింత అల్లరి చేస్తుంది. తవ్వని నేల ఉన్నచోటనే ఉండి, పూడ్చిన నేల మాత్రమే దిగిపోవడంతో టైల్స్ గోడ వైపు ఒరిగాయి. ఒకసారి నీరు అటు తిరిగిందంటే మట్టి ఇంకా నాని, ఇంకా కుంగుతుంది. పైన సిమెంటు పూసి వాటం సరిచేద్దామని కొందరు సలహా ఇచ్చారు గానీ, కింది మట్టి దిగుతున్నంత కాలం పై పూత ఏ మాత్రం ఆగదని నాకు ఇప్పుడు గట్టిగా తెలుసు. వాటం మట్టిలోనే తీయాలి, పైన పరిచే రాయి దానిని అనుసరించాలి.

నీరు ఎంత వస్తుందో లెక్క వేసుకున్నాక విషయం ఇంకా స్పష్టమయింది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మా వాకిలి ముప్పై అడుగుల వెడల్పు, ఇరవై నాలుగు అడుగుల పొడవు, అంటే సుమారు 67 చదరపు మీటర్లు. వెయ్యి చదరపు అడుగుల డాబా నీరు కూడా రెండు గొట్టాల ద్వారా వచ్చి ఆ గోడ మొదట్లోనే పడుతుండేది. 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే రెండూ కలిపి దాదాపు 8,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఒకటిన్నర పైచిలుకు. అంత నీటిని మేము చేతులారా పునాదికి అప్పగిస్తున్నాము.

టైల్స్ అన్నీ లేపించి, గోడ పక్కన వదులు మట్టిని రెండున్నర అడుగుల లోతు వరకు తోడించి, దాని బదులు గ్రావెల్‌ను ఆరు అంగుళాల చొప్పున పొరలుగా పోసి, తడిపి, ఒక్కొక్క పొరనూ దిమ్మిస కొట్టించాము. పని నెమ్మదిగా సాగింది, కూలి ఖర్చు రాతి ఖర్చుతో సమానమయింది, అయినా ఈ ఒక్క పనిలో పొదుపు చేయకూడదని చూసేవారందరికీ చెబుతున్నాను. తరువాత మట్టాలు తీశాము. పెద్ద మేస్త్రి నీళ్లు నింపిన లెవెల్ ట్యూబు ఒక కొసను గోడ దగ్గర పట్టుకుని, రెండో కొసను నా చేతికి ఇచ్చి, ట్యూబు పొడవునా వేలితో తట్టుకుంటూ వచ్చారు. "లోపల బుడగ ఉంటే అర అంగుళం తేడా చూపిస్తుంది బాబూ, ముందు దాన్ని బయటికి పోనివ్వండి," అన్నారు. నీటి మట్టం ఊగిసలాడి, రెండు వైపులా నిలకడగా ఆగిన తరువాతే పెన్సిలుతో గీత గీశారు.

అప్పుడు అసలు చిక్కు బయటపడింది. మా వీధిలో పాత రోడ్డును తవ్వకుండానే దాని మీద మళ్లీ సిమెంటు రోడ్డు వేయడం వల్ల, గేటు దగ్గరి మట్టం గోడ మొదటి కంటే అంగుళం మాత్రమే పల్లంలో ఉంది. ఇరవై నాలుగు అడుగులకు ఒక్క అంగుళం వాటం చాలదు. ఇలాంటప్పుడు చాలామంది వాకిలి మొత్తాన్ని ఎత్తు చేస్తారు. దాని వలన పునాది పైన చెమ్మను ఆపడానికి వేసిన పట్టీ మట్టిలో కూరుకుపోయి, తడి నేరుగా ఇటుకలోకి చేరుతుంది. ఎత్తు చేయడానికి నేను ఒప్పుకోలేదు. గోడ నుంచి పద్దెనిమిది అడుగుల దూరంలో, వాకిలికి అడ్డంగా ఆరు అంగుళాల వెడల్పు కాలువ పెట్టి, మీద ఇనుప జాలీ వేయించాము. గోడ నుంచి కాలువ దాకా ఆరడుగులకు ఒక అంగుళం చొప్పున మూడు అంగుళాల వాటం, గేటు నుంచి లోపలికి మిగిలిన ఆరడుగులలో రెండు అంగుళాల వాటం వచ్చాయి. కాలువ అడుగు ముప్పై అడుగులలో మూడు అంగుళాలు ఈశాన్యానికి దిగుతుంది.

వాస్తు ప్రకారం ఈశాన్యం పల్లంగా ఉండాలని మా అమ్మ ముందునుంచీ పట్టుబట్టింది. మాది తూర్పు ముఖం ఇల్లు, వీధి కాలువ కూడా అటే ఉంది కాబట్టి ఆమె కోరికకూ నేల స్వభావానికీ గొడవ రాలేదు. వీధి కాలువ వేరే దిక్కున ఉన్నవారు మాత్రం దాని అడుగు మట్టం కొలిచిన తరువాతే నిర్ణయం తీసుకోవాలి. ఈశాన్యం మూలలో, ఇంటి గోడకు పదిహేను అడుగులకు మించిన దూరంలో, ఇంకుడు గుంత తవ్వించాము. రేగడిలో నీరు త్వరగా ఇంకదు కనుక ఎనిమిది అడుగుల లోతున గరప, అంటే నీరు ఇంకే గరుకు నేల, తగిలే వరకు ఆగలేదు. గుంత నిండితే మిగులు నీరు గొట్టం గుండా వీధి కాలువలోకి పోతుంది. డాబా గొట్టాలు రెండింటినీ భూమిలోనుంచి వాకిలి కాలువకు కలిపాము.

టైల్స్ బదులు ఈసారి బేతంచెర్ల నాపరాళ్లు, పాలిష్ పట్టనివి, వేశాము. తడిసినా కాలు జారదు. అతుకులు నింపకముందే గడప దగ్గర నుంచి బిందెల కొద్దీ నీళ్లు పోసి చూస్తే, తులసికోట పక్కన ఒక రాయి మీద అరచేయంత నీరు నిలిచింది. మేస్త్రి ఆ రాయిని లేపి, కింద డస్ట్ (రాతి పొడి) కొంచెం వేసి, మళ్లీ పరిచి, మళ్లీ పోసి చూశారు. ఆ గోడకు మాత్రం ఒక వేసవి అంతా రంగు వేయలేదు, ఇటుక లోపలి తడి ఆరాలి కదా. తరువాతి శ్రావణంలో రాత్రంతా వాన కురిసింది. తెల్లవారి చూస్తే గోడ మొదట్లో రాళ్లు తడిగా ఉన్నాయి, నీరు మాత్రం నిలవలేదు. జాలీ కింద కాలువలో సన్నని ధార ఇంకా ఈశాన్యం వైపు పారుతూనే ఉంది.