నక్కవారి సంబంధం

ఆదివారం.

పొద్దున్నే అమ్మ ఫోన్. పెదనాన్న కూతురికి సంబంధం దాదాపు ఖాయమైనట్టేనట. అబ్బాయికి పుణెలో ఉద్యోగం, జాతకాలు కలిశాయి, వచ్చే ఆదివారం వాళ్ళు వచ్చి మాట్లాడుకుంటారట. మన తరఫున ఎవరెవరు కూర్చోవాలి, ముందు ఎవరు మాటెత్తాలి, పెట్టుపోతల మాట వస్తే బాబాయి ఎంతవరకు సర్దుకుపోవాలి... అన్నీ చెప్పింది. దోసెలు పోస్తూ స్పీకర్‌లో పెట్టి విన్నాను. చివర్లో ఎప్పటిలాగే "ఆ అబ్బాయి తిన్నాడా?" అంది. ఆ అబ్బాయి అంటే కొన్నేళ్ళుగా నాతో ఉంటున్నవాడు. అమ్మ లెక్కలో రూమ్మేట్. కానీ ఊరినుంచి గోంగూర పచ్చడి పంపినప్పుడల్లా సీసాలు రెండు వస్తాయి. రెండోదాంట్లో వెల్లుల్లి ఉండదు. వాడికి వెల్లుల్లి పడదని అమ్మకు చెప్పిన గుర్తు నాకు లేదు.

వంటిల్లు సర్దేసి కథ ముందేసుకుని కూర్చున్నాను. ఇద్దరు మగవాళ్ళ పెళ్ళి కథ అది. పెద్దలు కుదిర్చిన పెళ్ళి. కాలం 1600 ప్రాంతం, మింగ్ వంశపు పాలన. ఊరు చైనాలో ఫుజియన్ తీరాన ఉన్న చ్వాన్‌జౌ రేవు. ఒక పెళ్ళికొడుకు ఓడలు కట్టే ఇంటివాడు. రెండోవాడు మనిషి రూపమెత్తిన నక్క.

మన కథల్లో నక్క అనగానే జిత్తులమారి అనేస్తాం. అక్కడి కథల్లో నక్క చదువుకుంటుంది, సాధన చేస్తుంది, వయసు మీదపడే కొద్దీ దానికి శక్తి పెరుగుతుంది. నూరేళ్ళు బతికితే అందగత్తె అవుతుందని, వెయ్యేళ్ళు బతికితే ఆకాశంతో మాట్లాడుతుందని పాత రాతలున్నాయి. తొమ్మిదో శతాబ్దంలో దువాన్ చెంగ్షి రాసిపెట్టిన సంగతి ఒకటి నాకు చాలా ఇష్టం. రాత్రిపూట నక్క ఒక పుర్రెను తలమీద పెట్టుకుని ఉత్తరాన ఉన్న ఏడు నక్షత్రాలకు మొక్కుతుంది. వంగినప్పుడు పుర్రె జారి పడకపోతే మనిషి అయిపోతుంది. ఆ ఏడు నక్షత్రాలు మన సప్తర్షి మండలమే. పెళ్ళిలో పురోహితుడు కొత్త జంటను పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి అరుంధతిని చూపించేది అందులోనే, వశిష్ఠుడి పక్కన. ఒకచోట నక్క మనిషి కావాలని మొక్కిన చుక్కలు, ఇంకోచోట మొగుడూపెళ్ళాలు కలిసి తలెత్తి చూసే చుక్కలు. ఈ సంగతి తట్టిన రోజే ఈ కథ రాయాలని నిశ్చయించుకున్నాను.

పెళ్ళి సంగతి కూడా నా కల్పన కాదు. షెన్ దెఫు అనే పండితుడు ఆ రోజుల్లోనే ఫుజియన్ మగవాళ్ళ గురించి రాశాడు. డబ్బున్నా లేకున్నా, అందంగా ఉన్నా లేకున్నా, ఎవరికి తగ్గవాణ్ణి వాళ్ళు చూసుకుని జతకట్టేవాళ్ళట. పెద్దవాడు అన్న వరస, చిన్నవాడు తమ్ముడు వరస. అన్న ఇంటికొస్తే తమ్ముడి తల్లిదండ్రులు అతన్ని అల్లుడిలా చూసుకునేవాళ్ళట. ఓడల్లో ఆడవాళ్ళుంటే మునిగిపోతాయన్న నమ్మకం వల్ల సముద్రపు దొంగల్లో మొదలైన ఆచారం ఇదని కూడా విన్నాడు. ముప్పై దాటినా మొగుడూపెళ్ళాల్లా ఒకే మంచం మీద పడుకునేవాళ్ళున్నారని రాశాడు. కలవనివ్వకపోతే ఒకరినొకరు కట్టేసుకుని నీళ్ళలో దూకినవాళ్ళ గురించి కూడా.

నన్ను కదిలించింది ఆ మంచం కాదు, ఆ అల్లుడి మాట. అంటే ఆ ఇంట్లో ఒక అమ్మ అతనికి వడ్డించింది. ఒక నాన్న ఓడ ఎప్పుడు బయల్దేరుతుందని అడిగాడు. పెద్దలు కుదిర్చిన పెళ్ళిలో ప్రేమ ఎక్కడుంటుందని మా స్నేహితులు అంటుంటారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, బలవంతపు పెళ్ళిళ్ళు దగ్గర్నుంచి చూశాను. కానీ నాలాంటివాళ్ళకు ఆ తంతు మొత్తం తలుపు అవతల జరిగే వ్యవహారం. ఎవరూ మన కోసం చాపలు పరవరు. మన గురించి ఆరా తీయడానికి పక్కూరు వెళ్ళరు. మా ఇద్దరి విషయంలో పెద్దలు ఒక్కసారి కూర్చుని, కాఫీలు తాగి, కొంచెం పోట్లాడుకుని, ఒక తేదీ అనుకుంటే ఎలా ఉంటుందన్నది నాకు ఏ ప్రేమకథకన్నా పెద్ద కల.

అదే షెన్ దెఫు రాసిన ఇంకో వాక్యం దగ్గర గొంతు పట్టేస్తుంది. తమ్ముడి పోషణంతా అన్నదే. ఆ తర్వాత తమ్ముడు ఒక అమ్మాయిని పెళ్ళి చేసుకుంటే, ఆ ఖర్చు కూడా అన్నదే. ప్రేమించినవాడి పెళ్ళికి తనే డబ్బులు లెక్కపెట్టి ఇవ్వాలి. నక్క కథల్లోనూ ఇదే వరస. ఆ తర్వాతి కాలంలో పు సోంగ్లింగ్ రాసిన ఒక కథలో ఒక పండితుడు నక్క కుర్రాడి మీద మనసు పడతాడు. నాతో ఉంటే నీ ఒంటికి మంచిది కాదని కుర్రాడు ముందే చెప్పినా వినడు, ప్రాణం పోగొట్టుకుంటాడు. మళ్ళీ ఇంకో ఒంట్లో లేస్తాడు. చివరికి పెళ్ళి ఎవరితో? ఆ కుర్రాడి బంధువుల అమ్మాయితో. ఎటు తిప్పినా కథ ఒక పెళ్ళికూతురి దగ్గర ఆగుతుంది. నా కథ అక్కడ ఆగదు.

మధ్యాహ్నం పెళ్ళిచూపుల ఘట్టం రాశాను. అక్కడా మనలాగే పుట్టిన ఏడాది, నెల, రోజు, గంట చూస్తారు. ఒక్కోదానికి రెండేసి అక్షరాలు, మొత్తం ఎనిమిది. వాటితో పొంతన చూస్తారు. నా నక్క పుట్టి నూట నలభై ఐదేళ్ళయింది. చూడ్డానికి పాతికేళ్ళవాడు. వాళ్ళ లెక్కలో ఏడాది పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి, మన ప్రభవ విభవల్లాగే. కాబట్టి ఏడాది పేరు చెబితే అబద్ధం కాదు, వయసు మాత్రం తెలియదు. కానీ అతను దాచడు. సంబంధం మాట్లాడేటప్పుడే తాను నక్కనని చెప్పేస్తాడు. పెళ్ళయ్యాక తోక బయటపడే కథలు చాలానే వచ్చాయి. అన్నీ తెలిసి కుదుర్చుకున్న పెళ్ళి కావాలి నాకు.

సాయంత్రం కూరగాయలకు వెళ్ళొచ్చాం. టమాటా ధర మళ్ళీ పెరిగింది. దార్లో వాడికి కథ చెబుతూ మాటల్లో తైవాన్ సంగతి ఎత్తాను. ఫుజియన్‌కి ఎదురుగా జలసంధికి అవతలే కదా. అక్కడ మగవాళ్ళ ప్రేమను కాచే కుందేలు దేవుడికి గుడి ఉంది. ఆ దేవుడి కథ పుట్టింది ఫుజియన్‌లోనే. 2019 మే 24 నుంచి అక్కడ ఇద్దరు మగవాళ్ళ పెళ్ళి చట్టబద్ధం, ఆసియాలో మొదటిసారి. మన దగ్గర మాలాంటివాళ్ళ ప్రేమను నేరమనే సెక్షన్ 377 భయం 2018లో పోయింది. పెళ్ళి దగ్గరికొచ్చేసరికి 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు అది పార్లమెంటు తేల్చాల్సిన సంగతి అంది. ఆ రోజు మా ఇద్దరికీ అన్నం సయించలేదు. ఆ మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బెండకాయలు ఏరుతూ ఉండిపోయాం.

రాత్రి వాడు పేజీలు చదివాడు. "ఏరా, నక్క తరఫున ఎవరూ రాలేదేంటి? పిల్లాడు ఒక్కడే వచ్చి కూర్చుంటే దాన్ని సంబంధం అంటారా? ఒక మేనత్త అయినా ఉండాలి కదా" అన్నాడు. వాడి మేనత్త వాడితో మాట్లాడటం మానేసి చాలాకాలమైంది.

మేనత్త వచ్చింది. తెల్లజుట్టు, మూడొందల ఏళ్ళ మనిషి, కొండమీది నుంచి నడిచొచ్చింది. మధ్యవర్తి ఒప్పందం చదువుతుంటే, తర్వాత వచ్చే కోడలి ఖర్చు అన్న వాక్యం దగ్గర చెయ్యెత్తి ఆపింది. "అది కొట్టేయండి. ముప్పై దాటినా, అరవై దాటినా మావాడు ఈ ఇంట్లోనే ఉంటాడని రాయండి. అలా అయితేనే తాంబూలం" అంది. తాంబూలం నా చేత్తో వచ్చేసింది, అక్కడ తేయాకు పెట్టాలేమో. చూసి మారుస్తాను. ఓడలవాడి అమ్మ ఒప్పుకుంటుంది. కానీ వెంటనే కాదు. కొడుకు ముసలివాడైపోయినా నీ మేనల్లుడు ఇలాగే కుర్రాడిలా ఉంటాడు కదా, అప్పుడు మావాణ్ణి వదిలేసి పోడని ఏమిటి హామీ అని నిలదీస్తుంది. ఆ ప్రశ్నకు మేనత్త చెప్పే జవాబు రేపు ఆఫీసు నుంచి రాగానే రాయాలి.