డీఈఎఫ్ హీటర్ సర్క్యూట్ ప్రశ్నలకు నేను ప్రిపేర్ అయిన తీరు

డీజిల్ టెక్నీషియన్ సర్టిఫికేషన్ పరీక్షకు చదువుతున్న వాళ్లలో చాలామందికి డీఈఎఫ్ (డీజిల్ ఎగ్జాస్ట్ ఫ్లూయిడ్, అంటే ఇంజిన్ పొగలో కాలుష్యం తగ్గించే ద్రవం) హీటర్ పేరు వినగానే టెన్షన్. నిజానికి మార్కులు తేలిగ్గా తెచ్చుకోగలిగే చోటు ఇదేనని నా గట్టి నమ్మకం. ఇక్కడ కెమిస్ట్రీ కొంచెమే, మిగతాదంతా ఓమ్ సూత్రమే.

ఆ కొంచెం కెమిస్ట్రీ ముందు చూసేయండి. డీఈఎఫ్‌లో 32.5 శాతం యూరియా, మిగతాది అయాన్లు తీసేసిన నీరు. దాని నాణ్యతకు ఐఎస్ఓ 22241 ప్రమాణం. మైనస్ 11 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది, అప్పుడు సుమారు 7 శాతం ఉబ్బుతుంది. అందుకే ట్యాంక్‌కు, పంపుకు, లైన్లకు హీటింగ్ పెడతారు. పెద్ద వాహనాల్లో చాలావరకు ట్యాంక్‌ను ఇంజిన్ కూలెంట్ వేడి చేస్తుంది, ఆ కూలెంట్‌ను ఒక సోలెనాయిడ్ వాల్వ్ వదులుతుంది. లైన్లకు మాత్రం కరెంటు హీటర్లు ఉంటాయి. ట్యాంక్‌లో డీఈఎఫ్ గడ్డకట్టి ఉన్నా ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, బండి నడుస్తుంది, కరిగాక డోసింగ్ (డీఈఎఫ్‌ను పొగలోకి చల్లడం) మొదలవుతుంది. కాబట్టి 'గడ్డకట్టింది, అంటే ఫాల్ట్ ఉన్నట్టే' అనే ఆప్షన్‌ను నమ్మకండి.

ఫాల్ట్ కోడ్‌ల జాబితా మొత్తం బట్టీ పట్టాల్సిన అవసరం నాకు కనిపించలేదు. ఏ కోడ్ వచ్చినా నేను వేసుకున్న ప్రశ్న ఒక్కటే: మాడ్యూల్ (బండిలోని కంట్రోల్ కంప్యూటర్) ఏం చూసి ఈ కోడ్ పెట్టింది? పీ20బీ9 అంటే మొదటి హీటర్ కంట్రోల్ సర్క్యూట్ ఓపెన్ (తెగింది). పీ20బీఏ పెర్ఫార్మెన్స్, పీ20బీబీ 'లో' (తక్కువ), పీ20బీసీ 'హై' (ఎక్కువ). హెవీ వాహనాల కమ్యూనికేషన్ ప్రమాణమైన జే1939లో ఇదే సంగతి ఎఫ్ఎంఐ (ఫాల్ట్ ఏ రకమో చెప్పే) నంబర్ చెబుతుంది: 3 అంటే వోల్టేజ్ ఎక్కువ, 4 అంటే వోల్టేజ్ తక్కువ, 5 అంటే కరెంట్ తక్కువ లేదా ఓపెన్, 6 అంటే కరెంట్ ఎక్కువ లేదా గ్రౌండ్‌కు షార్ట్. ఈ నాలుగూ నోటికి రావాలి. పెర్ఫార్మెన్స్ కోడ్‌ను మాత్రం విడిగా చూడండి. అక్కడ వైర్ తెగి ఉండకపోవచ్చు, ఆశించిన పని జరగలేదని మాడ్యూల్ గమనించిందంతే.

ఇక అసలు విషయం. ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది 'కనెక్టర్ తీసి కొలిస్తే 12 వోల్టులు ఉన్నాయి, కాబట్టి వైరింగ్ బాగుంది' అనే ఆప్షన్ దగ్గర. లోడ్ లేనప్పుడు తుప్పు పట్టిన పిన్ కూడా 12 వోల్టులు చూపిస్తుంది. దీన్ని లెక్కతో అర్థం చేసుకుంటే మళ్లీ మర్చిపోరు. ఒక్కొక్కటి 6 ఓమ్‌ల లైన్ హీటర్లు మూడు, ఒకే రిలే మీద ప్యారలల్‌గా ఉన్నాయనుకోండి. మొత్తం 2 ఓమ్‌లు, 12 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు, 72 వాట్ల వేడి. ఇప్పుడు మూడింటికీ కలిపి సప్లై వచ్చే కనెక్టర్‌లో తుప్పు వల్ల 1 ఓమ్ చేరింది. మొత్తం 3 ఓమ్‌లు, కరెంట్ 4 ఆంపియర్లు. హీటర్ల దగ్గర మిగిలేది 8 వోల్టులు, అంటే 32 వాట్లు. ఒక్క ఓమ్‌తో వేడి సగానికన్నా తక్కువకు పడిపోయింది.

వేరే ఫాల్ట్ తీసుకోండి. కనెక్టర్ శుభ్రంగానే ఉంది, మూడు హీటర్లలో ఒకటి ఓపెన్ అయింది. మిగిలిన రెండూ కలిపి 3 ఓమ్‌లు, కరెంట్ మళ్లీ 4 ఆంపియర్లే! క్లాంప్ మీటర్ రీడింగ్‌తో ఈ రెండింటినీ విడదీయలేం. సర్క్యూట్ నడుస్తుండగా హీటర్ల దగ్గర వోల్టేజ్ కొలవాలి. 8 వోల్టులు ఉంటే సప్లై దారిలోనో గ్రౌండ్ దారిలోనో రెసిస్టెన్స్ ఉంది. 12 వోల్టులు ఉంటే ఒక హీటర్ పోయింది. వోల్టేజ్ డ్రాప్ టెస్ట్ ఎందుకు చేయాలో నాకు పూర్తిగా అర్థమైంది ఈ లెక్క వేసుకున్నాకే. మీరు కూడా అంకెలు మార్చి, 24 వోల్టులతో కూడా వేసి చూడండి.

ఈ సిస్టమ్‌లో కనెక్టర్లను అనుమానించడానికి గట్టి కారణమే ఉంది. డీఈఎఫ్ రాగిని తినేస్తుంది, సన్నని సందుల్లోంచి పాకుతుంది, ఆరితే తెల్లటి స్ఫటికాలు మిగులుస్తుంది. ప్రశ్నలో 'పిన్‌ల మీద తెల్లటి పొడి' అని కనిపిస్తే అది ఊరికే రాసిన మాట కాదు.

గ్రౌండ్‌కు షార్ట్ కోడ్ వచ్చినప్పుడు అన్నిటికన్నా మంచి పరీక్ష, హీటర్ కనెక్టర్ తీసి కోడ్ మారుతుందేమో చూడటం. మాడ్యూల్ నేరుగా హీటర్‌కు పాజిటివ్ పంపే సర్క్యూట్‌లో కనెక్టర్ తీయగానే షార్ట్ కోడ్ పోయి ఓపెన్ కోడ్ వస్తే షార్ట్ హీటర్‌లోనే ఉంది. షార్ట్ కోడ్ అలాగే నిలిస్తే హార్నెస్ (వైర్ల కట్ట) వైపు వెళ్లాలి. మాడ్యూల్ దగ్గర ఆ పిన్ విడదీసినా కోడ్ మారకపోతేనే మాడ్యూల్‌ను అనుమానించాలి. మాడ్యూల్ మార్చమనే ఆప్షన్ మొదటి అడుగుగా ఉంటే దాదాపు ఎప్పుడూ తప్పే.

రెసిస్టెన్స్ స్పెసిఫికేషన్ ఇచ్చిన ప్రశ్నల్లో ఉష్ణోగ్రత కూడా చూడండి. పీటీసీ (పాజిటివ్ టెంపరేచర్ కోఎఫిషెంట్) రకం హీటర్ చల్లగా ఉంటే రెసిస్టెన్స్ తక్కువ, వేడెక్కితే చాలా పెరుగుతుంది.

చివరిగా, హీటర్ కోడ్ ఏదీ లేకుండా, చలిలో మాత్రమే డీఈఎఫ్ ప్రెషర్ రావడం లేదని చెప్పే ప్రశ్నలు. నాకు బాగా నచ్చినవి ఇవే, నిజమైన ఆలోచన ఇక్కడే కావాలి. బయట మైనస్ 15 ఉన్నా ట్యాంక్ సెన్సర్ ప్లస్ 20 అని చెబుతుంటే, మాడ్యూల్ దాన్ని నమ్మి హీటర్‌కు కమాండే ఇవ్వదు. ఆన్ చేయని సర్క్యూట్‌లో ఎంత కొలిచినా ఫాల్ట్ దొరకదు. బండి రాత్రంతా చలిలో ఆగి ఉంటే, స్టార్ట్ చేసే ముందు ట్యాంక్, కూలెంట్, బయటి గాలి ఉష్ణోగ్రతలు దాదాపు ఒకేలా ఉండాలి. స్కాన్ టూల్‌లో ఆ మూడూ పక్కపక్కన పెట్టి చూడమనే ఆప్షన్ ఉంటే, వైర్ల జోలికి వెళ్లే ముందు దాన్నే ఎంచుకోండి.