మాస్టారి పేరు తప్పన్న నా ఫారం

నా ఫారం నిన్న రాత్రి పన్నెండున్నరకి ఎట్టకేలకు పనిచేసింది. ఆ కసి తీరకముందే రాసేస్తున్నాను.

మా హైస్కూల్ పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి పేర్ల నమోదు పేజీ చేస్తానని నేనే ఎగబడి ఒప్పుకున్నాను. పేరు, బ్యాచ్, ఫోన్, ఎంతమంది వస్తారు. నాలుగే గడులు. వెనక ప్రోగ్రామ్ పీహెచ్‌పీలో, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. గడిలో రాసింది డేటాబేస్‌కి ఆదేశంగా మారకుండా అన్నీ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌తోనే పంపాను, అందులో నాకు వంక పెట్టేవాడు లేడు. రిఫ్రెష్ కొడితే పేరు రెండోసారి ఎక్కకుండా 303తో, అంటే ‘ఇంకో పేజీ చూడు’ అని బ్రౌజర్‌కి చెప్పే కోడ్‌తో, వేరే పేజీకి పంపించాను. డేటాబేస్‌లో ఫోన్ నంబర్‌కి ఇంట్, అంటే పూర్ణాంకం రకం, పెడితే అందరికీ 2147483647 అని ఒకటే నంబర్ పడింది. ఇంట్‌లో పట్టేది అంతే. సైట్‌కి సర్వర్ ఇచ్చే హోస్టింగ్ వాళ్లు, పట్టని విలువని తిప్పికొట్టే స్ట్రిక్ట్ మోడ్ ఆపేసి ఉంచారు కాబట్టి ఎర్రర్ కూడా రాలేదు. దాన్ని వార్‌చార్, అంటే అక్షరాల రకం, చేశాను.

పేరు గడి దగ్గర పరువు పోయింది.

పేరులో అంకెలూ చెత్తా రాకుండా ఒక రెజెక్స్, అంటే ఏ అక్షరాలు రావచ్చో చెప్పే నమూనా, ఎక్కడో దొరికితే తెచ్చి పెట్టాను. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో ‘ఎల్’ వర్గం, అంటే అక్షరాలు, ఇంకా ఖాళీ: ఇవే రావచ్చు. ఏ భాషకైనా సరిపోతుందని రాసి ఉంది. బ్రౌజర్ లేకుండా ఫారం పంపే కర్ల్ అనే టూల్‌తో పంపి చూశాను. రమ వెళ్లింది, కమల వెళ్లింది. చాలనుకున్నాను.

మొదటి పేరు మా తెలుగు మాస్టారిదే ఉండాలని ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాం. నా వెనక నలుగురు క్లాస్‌మేట్లు. ఆయన పేరు టైప్ చేసి నొక్కాను. ఎర్ర అక్షరాల్లో వచ్చింది: ‘దయచేసి సరైన పేరు రాయండి.’

మాస్టారు కళ్లజోడు సర్దుకుని చదివారు. “డెబ్భై ఏళ్లుగా ఇదే పేరురా నాది” అన్నారు. ఇంటిపేరు తీసేసి కొట్టాను. అదే మాట. ఇంగ్లిష్‌లో కొడితే ఠక్కున తీసుకుంది. తెలుగు మాస్టారి పేరు ఇంగ్లిష్‌లోనైతే సరైనదన్నమాట! హోస్టింగ్ వాళ్లకి ఫోన్ చేస్తే “క్యాష్ క్లియర్ చేయండి సార్” అన్నారు, రెండుసార్లు. వాళ్లకి వచ్చిన మంత్రం అదొక్కటే.

“ఏ పేర్లతో పరీక్ష పెట్టావురా?” అని ఆయనే అడిగారు. చెప్పాను. “రమ, కమల. తల, వల, పలక. గుణింతాలు రాకముందే బడి మానేసిందిరా నీ కంప్యూటర్” అన్నారు.

నిజంగా తప్పు అక్కడే ఉంది. యూనికోడ్‌లో క అక్షరమే గానీ, దాని గుడి, కొమ్ము, సున్నా, పొల్లు అన్నీ ‘ఎమ్’ వర్గం, మార్కులు, అంటే అక్షరానికి తగిలించే గుర్తులు. ‘శ్రీ’లో శ, ర మాత్రమే అక్షరాలు. మిగతా రెండూ మార్కులే. ‘ఎమ్’ కూడా కలిపితే మాస్టారి పేరు వెళ్లింది, కానీ అప్పటికి నేను ఇంటికి వచ్చేశాను, చూసినవాడు లేడు. తర్వాత రాజ్‌కుమార్ ఆగాడు. జ్, కు అతుక్కోకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని గుర్తు ఉంటుంది, అది ఈ రెండు వర్గాల్లోనూ లేదు. దాన్నీ కలిపాను. పేరు పొడవుకి పీహెచ్‌పీలోని స్ట్ర్‌లెన్ ఫంక్షన్ వాడితే అది బైట్లు లెక్కపెట్టి ఒక్క ‘శ్రీ’కే 12 అంది. బైట్లు కాక యూనికోడ్ గుర్తులు లెక్కపెట్టే ఎంబీ స్ట్ర్‌లెన్ వాడండి.

పరీక్షకి రమని పిలవకండి. జ్యోత్స్నని పిలవండి. అసలు పేరుకి రెజెక్స్ పెట్టకపోయినా నష్టం లేదు, పేజీలో చూపించేటప్పుడు ఎస్కేప్ చేస్తే, అంటే రాసింది కోడ్‌గా పనిచేయకుండా మారిస్తే, చాలు. ఇది నాకు నలుగురి ముందు నవ్వులపాలయ్యాక తోచింది.

ఇందాక మాస్టారు ఫోన్ చేశారు. పేరు తీసుకుందట. ‘ఎంతమంది వస్తారు’ దగ్గర ‘ఇద్దరం’ అని రాస్తే మాత్రం ఒప్పుకోవట్లేదట.